మూడు వాక్యాలకు మించకుండా

దొండపర్తిలో మేడమీద ఆఫీసు.
ఫారంలో ఏడో ప్రశ్న:
సహాయం కోరుటకు కారణం
మూడు వాక్యాలకు మించకుండా వ్రాయుము.

మొదటిది తేలికే.
చోడిపిల్లి హంసవేణి, ఎంబీబీఎస్ నాలుగో ఏడు,
కట్టాల్సింది రెండు లక్షల నలభై వేలు,
కట్టకపోతే హాల్ టికెట్ లేదు.

రెండో వాక్యం దగ్గర పెన్ను ఆగింది.
ఆఖరు తేదీ మే ఇరవై.
ఆ తేదీ వేసినవాళ్లు సముద్రాన్ని ఎరగరు.
ఏప్రిల్ సగం నుంచి జూన్ సగం దాకా
హార్బర్లో బోట్లు
ఒకదాని భుజం ఒకటి ఒరుసుకుంటూ
కట్టేసి ఉంటాయి.
మా నాన్న గట్టు మీద కూర్చుని
చిరగని వలని కూడా బాగుచేస్తుంటాడు.
అమ్మ తట్టలో, మార్చిలో ఎండబెట్టిన నెత్తళ్లు తప్ప
తడి అన్నది ఉండదు.
ఇదంతా ఒక్క వాక్యం ఎలా అవుతుంది?

ఆదాయ ధ్రువపత్రం చూసి గుమస్తా అన్నాడు:
"ఇంతే అయితే మీరు తినేదేంటమ్మా?"
చెడ్డవాడు కాదు.
మా ఇద్దరికీ మజ్జిగ తెప్పించాడు.
కానీ ఆ కాగితం సంగతే అంత:
అంకె పెరిగితే సాయం రాదు,
తగ్గితే నమ్మకం రాదు.

హామీదారు దగ్గర అమ్మ వేలిముద్ర.
ఎంత తోముకున్నా వదలని పొలుసొకటి
నీలం సిరాలో అంటుకుని మెరిసింది.
అతను గోటితో గీరబోయి
ఎందుకో ఊరుకున్నాడు.

లోపల గదిలో ముగ్గురు.
వైవాలాగే ఉంది, ఎముకలు లేవంతే.

సీనియర్ దగ్గర సగం ధరకి కొన్న ఎముకల పెట్టె
ఇంటికి తెచ్చిన రాత్రి
మా మామ్మ పుర్రెకి బొట్టు పెట్టింది.
"ఏ తల్లి కన్న బిడ్డో,
నీకు సదువు సెప్పడానికొచ్చాడు" అని
తెల్లారేదాకా దీపం ఆరనివ్వలేదు.
కుడిదా, ఎడమదా,
ఏ కండరం ఎక్కడ పుట్టి ఎక్కడ అంటుకుంటుందో
ఆ దీపం దగ్గరే నేర్చుకున్నాను.
చెయ్యి చాచడానికి
ఏవేవి కలిసి కదలాలో వరసగా చెప్పగలను.
ఇవాళ చాచబోతే
వాటిలో ఒక్కటీ నా మాట వినలేదు.

"చాలామంది అడుగుతున్నారు.
నీకే ఎందుకివ్వాలి?"

మంచి డాక్టర్నవుతానని చెప్పాలట,
పేదలకి సేవ చేస్తానని.
బస్సులో వల్లె వేసుకునే వచ్చాను.
నోట్లోంచి వచ్చింది మాత్రం వేరే:

"చేపకి అరవై ఒక్క రోజులు వదిలిపెడతారు కదండీ,
గుడ్లు పెట్టుకోవాలని, పిల్ల ఎదగాలని.
పేట పేటంతా అప్పు చేసి తింటుంది గానీ
వల మాత్రం దించదు.
నాకూ ఆపాటి వ్యవధి కావాలండీ.
ఊరికే కాదు.
ఎదిగేదాకా."

మధ్యలో పెద్దాయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.
కరిగాడో, దుమ్ము పడిందో.
"తెలియజేస్తాం" అన్నారు.

మెట్లు దిగుతుంటే అమ్మ:
"ఏటన్నారే గుంటా?"
"సెప్తారట."
"రొండు లచ్చల నలబయ్యంటే
ఎన్ని తట్టల కానాగంతలే?"
మనసులో లెక్క తేలింది.
పైకి చెప్పలేదు.
ఎండకి అమ్మ కొంగు నా నెత్తిన కూడా కప్పింది,
చిన్నప్పటిలా, అదే వాసన.
అటు కంచరపాలెం బస్సు, ఇటు మా బస్సు,
నిలబడ్డాం.

మూడో వాక్యం ఖాళీగానే ఇచ్చొచ్చాను.

ఆ రాత్రి లేబర్ రూములో డ్యూటీ.
మూడో బెడ్ మీద గంగవరం నుంచి వచ్చిన పిల్ల,
తొలి కాన్పు,
నా మణికట్టు పట్టుకుని గాజులు నలిగేలా బిగించింది.
"డాట్రమ్మా, ఇంకెంతసేపు?"

డాక్టర్ని కానని చెప్పాలి.
చెప్పలేదు.
రెండో చెయ్యి ఆమె పొట్ట మీద ఆనించి,
గోడ గడియారం చూస్తూ
నొప్పికీ నొప్పికీ మధ్య
గడువు లెక్కపెడుతున్నాను.